కెమెరా వెనక గొంతు

నా మొదటి పుట్టినరోజు వీడియోలో అమ్మ ఎక్కడా కనిపించదు. కిరాయికి తెచ్చిన కెమెరాను ఆ రోజంతా పట్టుకున్నది ఆమే. "మీ అమ్మ కనవడది గని, మాట్లాడుతనే ఉంటది" అనేవాడు నాన్న. నాకు మూడేళ్లు నిండకముందే అమ్మ పోయింది. ఆమె గొంతు నాకు గుర్తు లేదు. క్యాసెట్ భద్రంగానే ఉంది కానీ, దాన్ని వేసి చూసే మిషన్ మా ఇంట్లో లేదు.

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు వెళ్లే ఒక సందులో పాత క్యాసెట్లను డిస్కులకు ఎక్కిస్తారని తెలిసి ఒక్కదాన్నే వెళ్లాను. కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగలదు. అందుకే చెప్పాల్సినవి డైరీలో రాసుకుని, దుకాణాయన ముందు నిలబడి చదివేశాను. బొమ్మ స్పష్టంగా రావాలి, రంగులు తేరుకోవాలి, వణుకు తగ్గాలి. గొంతు సంగతి రాయలేదు. రాస్తే అమ్మ గురించి చెప్పాల్సి వస్తుందని.

ఆయన మా నాన్న వయసువాడు. టేపు మీద తెల్లగా పట్టిన బూజు చూపించి, తుడిచి ఎక్కిస్తానన్నాడు.

నాలుగు రోజుల తర్వాత వెళ్తే, డిస్కులోకి ఎక్కించబోయే వీడియోను తెర మీద పెట్టాడు. బొమ్మ నిజంగానే బాగుంది. నా గౌను ఎర్రదని అప్పుడే తెలిసింది. కానీ వినిపిస్తున్నది సన్నాయి.

"మాటలు లేవా అంకుల్?"

"అంత గడబిడ ఉండెనమ్మా. కెమెరా పట్టుకున్నామె ఊకె ముచ్చట పెడ్తనే ఉంది. ఫంక్షన్ వీడియోలకు గిట్లనే సౌండ్ తీసేసి మ్యూజిక్ ఏస్తం."

"ఆమె మా అమ్మ. ఇప్పుడు లేదు."

ఆయన మౌస్ మీది చెయ్యి తీసేశాడు. మొదట ఎక్కించిన ఫైలు ఉందా అని అడిగాను. జాగా చాలక చెరిపేశాడట.

"క్యాసెట్ మళ్ల పెట్టాలె. మొన్ననే రెండుసార్లు అతుక్కున్నది. తెగితే నా చేతుల లేదు బిడ్డా. జర మీ నాయిన్ని అడుగు."

అడిగితే నాన్న వద్దంటాడు. బొమ్మ వచ్చింది కదా, చాలంటాడు.

"పెట్టండి అంకుల్," అన్నాను.

మిషన్ కిర్రుమంది. నేను తెరను చూడలేదు. క్యాసెట్ చక్రాలు తిరుగుతున్నాయా లేదా అనే చూస్తున్నాను. ఆయన వేలు బటన్ మీదే ఉంది.

"మీరు జర పక్కకు జరుగున్రి, బిడ్డ కనవడ్తలేదు."

అమ్మది నేను అనుకున్నంత మెత్తని గొంతు కాదు. కాస్త బొంగురు, బాగా తొందర. రెండుసార్లు సాగిపోయి, మళ్లీ దారిలో పడింది. మధ్యలో కుక్కర్ కూత వేసింది.

"గా కూత తర్వాత తీసేయాల్నా?"

"వద్దు. ఏదీ తీయొద్దు."

ఇంకో మూడు నిమిషాల్లో అయిపోతుందనగా టప్‌మని చప్పుడైంది. చక్రాలు ఆగిపోయాయి. ఆయన మూత తీసి చూశాడు. మిగిలిన టేపు లోపల చుట్టుకుని, నలిగి ముక్కలైంది.

"గక్కడి దాంక వచ్చింది," అన్నాడు మెల్లగా. "మిగిలినదానికి మొన్నటి బొమ్మ ఉంది. మ్యూజిక్ ఉంచాల్నా?"

"తీసేయండి."

డిస్కులో ఆ చివరి మూడు నిమిషాలు ఏ శబ్దమూ ఉండదు. నాన్న నన్ను ఒళ్లో పెట్టుకుని, కెమెరా వైపు చూసి ఏదో జవాబు చెప్పి నవ్వుతాడు. అమ్మ ఏమడిగిందని నాన్నను అడిగాను. ఆ ముక్కను నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూసి, యాదికొస్తలేదన్నాడు.