వెయ్యి మీటర్ల పైన

నిన్న వాన వెలిశాక బాల్కనీ కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. అరచేతికి తడి ఇనుము వాసన అంటుకుంది. ఆ వాసనతో జర్మనీలోని త్సుగ్‌ష్పిట్సే పర్వతమూ, గార్చింగ్‌లో పనిచేసినప్పటి నా పైఅధికారి హెర్ బ్రాండ్లూ గుర్తుకొచ్చారు.

ఆ పర్వతాన్ని నేను మొదట చూసింది క్యాంటీన్ బల్ల మీద. ఉప్పు డబ్బాను శిఖరంగా నిలబెట్టి ఆయన దారులు పరిచారు. ఫోర్కు రైన్‌టాల్ లోయ: దూరం ఎక్కువ, కష్టం తక్కువ. చెంచా ఐబ్‌జే సరస్సు వైపు: నిటారు, జారే రాళ్ళు. కత్తి హోలెన్‌టాల్, అంటే నరకలోయ: ఇరుకు కనుమ, హిమానీనదం, ఆపైన బండకు దిగగొట్టిన ఇనుప మెట్లు. "మనం కత్తి మీద వెళ్దాం" అన్నారు.

"మావాళ్ళు దాన్ని సాము అంటారు" అన్నాను.

"ఒక షరతు. వెయ్యి మీటర్లు దాటాక 'జీ' లేదు, 'డూ' మాత్రమే. అది కొండ మర్యాద."

జర్మన్‌లో జీ అంటే మీరు, డూ అంటే నువ్వు. తండ్రి వయసు మనిషిని నువ్వు అనడం నా నోటికి రాదు. కనుమ పొడుగునా తడి ఇనుప కడ్డీలు పట్టుకుని నడుస్తుంటే, ఆయన నన్ను దెప్పుతూనే ఉన్నారు. "మళ్ళీ జీ అన్నావు. దాని బరువు కూడా నేనే మోయాలా?"

హిమానీనదం పైఅంచుకు చేరాం. మంచుకూ బండకూ మధ్య లోతైన చీలిక ఉంటుందనీ, పైనున్న పల్చటి మంచు కప్పు మోసం చేస్తుందనీ ఉదయం ఆయనే హెచ్చరించారు. ఇప్పుడు చీలికకు వీపు పెట్టి, వచ్చిన దారిని నాకు చూపిస్తూ, ఆయనే ఒక అడుగు వెనక్కి వేయబోయారు. ఆ మడమ వెనక మంచు బూడిదరంగులో కుంగి ఉంది.

"ఆగు!"

అరిచింది నేనే. తెలుగులో. ఆయన ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి ఆగిపోయారు. సంచి పట్టీ పట్టి ముందుకు లాగాను. ఆయన తిరిగి ఆ చోట కర్రతో పొడిచారు. మంచు కప్పు కూలి లోపలికి పోయింది. అది అడుగున పడే చప్పుడు కోసం ఇద్దరం చెవులొగ్గాం. రాలేదు.

మంచు మీదే కూలబడ్డాం. ఆయన పోయి ఉండేవారన్నది ఇంకా నా బుర్రకెక్కలేదు. ఆయనను 'ఆగు' అన్నానే అన్న దిగ్భ్రాంతే ముందు తగిలింది.

"ఏం మాట అది?"

"నిలబడమని."

"జీయా, డూనా?"

"డూ."

"ఎట్టకేలకు" అన్నారు. పెదవులు పాలిపోయి ఉన్నాయి.

శిఖరం ఎక్కకుండానే దిగాం. ఆ రాత్రి డైరీలో వాతావరణం, దారి రాసుకున్నాను. ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. ఆఫీసుకు వెళ్ళేసరికి ఆయన "హెర్ రావ్, మీ రిపోర్టు పూర్తయిందా?" అంటూ జీలోకి వచ్చేశారు. ఆ సంగతి మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.

చాలా ఏళ్ళకు, ఆయన మంచం పట్టారని తెలిసి వెళ్ళాను. మాటలు దాదాపు పోయాయని ఆయన భార్య చెప్పింది. కాసేపు కూర్చుని, "మీరు విశ్రాంతి తీసుకోండి" అని చెప్పి, కోటు తొడుక్కుని తలుపు దాకా నడిచాను.

"ఆగు" అని వినిపించింది వెనక నుంచి.

కదలలేకపోయాను. ఒక్కసారి విన్న తెలుగు మాటను ఇన్నేళ్ళూ ఆయన దాచుకున్నారు. కోటు విప్పి, మంచం పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకున్నాను. "ఆగాను. నువ్వు చెప్పు" అన్నాను జర్మన్‌లో. కొండ మీద కాకుండా ఆయనను డూ అన్నది అదొక్కసారే.

ఆయన నా చెయ్యి వదల్లేదు. నిన్న బాల్కనీలో ఆ తడి కడ్డీ మీద నుంచి నా చెయ్యి తీయడానికి చాలాసేపు పట్టింది.