ఒక్క మెట్టు కూడా దిగనివ్వలేదు

ఆ ఆదివారం పొద్దున దవడ నొప్పితో మొదలైంది. క్రిస్మస్ దగ్గర పడింది, కుట్టాల్సిన జాకెట్లు కుప్పగా ఉన్నాయి. మిషన్ మీద వంగి వంగి మెడ పట్టేసిందనుకున్నాను. కాసేపటికి ఎడమ భుజం లాగింది. ఛాతీని ఎవరో అరచేత్తో అదుముతున్నంత బరువు. అంత చలిలోనూ చెమటకు తడిసిపోయాను. అయినా హుక్కులు కుట్టడం ఆపలేదు, అంత మొండిదాన్ని నేను.

గోదావరిఖనిలో మాది పై అంతస్తు క్వార్టరు. బొగ్గుబాయిలో పనిచేసే మా ఆయన ఆ రోజు ఇంట్లోనే ఉన్నారు. నా ముఖం చూసి మిషన్ ఆపించి, ఎదురింటి రజియా అక్కను పిలిచారు. ఆమె గ్యాసేనని సోడా తెచ్చింది. గట్టిగా దగ్గితే గుండె ఆగదంటూ ఫోన్లో వచ్చిన మెసేజ్ చూపించింది. దగ్గాను కూడా. నొప్పి తగ్గలేదు సరికదా, ఆయాసం మొదలైంది. వాళ్లాయన నాలుక కింద పెట్టుకునే గుండె మాత్ర నాకూ పెట్టబోయింది, ప్రేమతోనే పాపం.

ఇంతలో కింది క్వార్టరు నుంచి మా మరిది ప్రభాకర్ పరుగెత్తుకొచ్చాడు. గనుల ఫస్ట్ ఎయిడ్ పోటీల్లో కప్పు గెలిచినవాడు. వస్తూనే చాప పరిచి, చొక్కా చేతులు మడిచి, పడుకో వదినా, గుండె వత్తుతానన్నాడు. పోటీల్లో బొమ్మను వత్తడమే అలవాటు మరి.

"మాట్లాడే మనిషికి గుండె వత్తుతరా? ముందుగాల 108కు ఫోన్ చెయ్యి," అన్నారు మా ఆయన.

ఫోన్లో అమ్మాయి అలర్జీ ఉందా, కడుపులో పుండు ఉందా, ఎక్కడైనా రక్తం పోతోందా అని అడిగింది. లేవన్నాక ఆస్పిరిన్ నమిలి మింగమంది. నాలుక కింది మాత్ర వద్దంది, బీపీ పడిపోవచ్చట. ఆస్పిరిన్ దొరికింది మాత్రం రజియా అక్క ఇంట్లోనే.

అంబులెన్స్ వచ్చింది. మా ఇరుకు మెట్ల మలుపులో స్ట్రెచర్ తిరగలేదు. మెట్లే కదా, దిగుతానని లేచాను. మా ఆయన భుజం పట్టి కూర్చోబెట్టారు.

"బాయిల దెబ్బ తగిలినోడు మంచిగనే ఉన్న అన్నా నడిపియ్యం. మోసుకునే వస్తం. నీకు గూడ గంతే, కూసో."

నా కుట్టు కుర్చీలోనే నన్ను తువ్వాలుతో కట్టి, అంబులెన్స్ అతనూ అన్నదమ్ములూ కలిసి ఎత్తారు. కింద చర్చికి బయల్దేరిన జనమంతా నిలబడి చూస్తున్నారు. జుట్టు చెదిరి, మెడలో టేపు వేలాడుతూ, దేవతలా ఊరేగుతున్నాను. సిగ్గుతో కళ్లు మూసుకున్నాను. కోపంతో ఆయన చెయ్యి గిల్లాను కూడా.

దవాఖానలో ఈసీజీ చూసి హార్ట్ ఎటాక్ అన్నారు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి కరీంనగర్ పంపారు. అక్కడ యాంజియోగ్రామ్, స్టెంట్. ఇక గండం గడిచిందనుకుంటే మర్నాడు ఐసీయూలో గుండె లయ తప్పింది. నర్సులు పరుగెత్తుకొచ్చారు. హాస్టల్లో ఉన్న పిల్లల ముఖాలు మళ్లీ చూస్తానో లేదోనని ఏడ్చాను.

తేరుకున్నాక డాక్టరు గారు జరిగిందంతా విని, కుర్చీలో మోయడాన్ని మెచ్చుకున్నారు. "రక్తం అందని గుండెకు ఏ శ్రమైనా భారమే. దగ్గు, సోడా దాన్ని కాపాడవు. స్పృహ తప్పి, శ్వాస సరిగా లేకపోతేనే గుండె వత్తే సీపీఆర్," అన్నారు.

పక్కనే ఉన్న ప్రభాకర్ తల దించుకున్నాడు. "గది నాకు ఎర్కనే సార్. వదినను అట్ల చూసేసరికి అన్ని మర్చిపోయిన."

వాడి మీద ప్రేమ పొంగింది. మా ఆయన మీద ఇష్టం పెళ్లినాటి నుంచీ ఉంది, గౌరవం మాత్రం ఆ మెట్ల మీద రెట్టింపైంది. ఆయనతో ఈ మాట ఇంకా అనలేదు, అంటే నెత్తికెక్కుతారు.

ఇప్పుడు వేళకు మాత్రలు, పొద్దున మెల్లగా నడక. జాకెట్లు తక్కువే ఒప్పుకుంటున్నాను. పోయిన నెల రజియా అక్కకు ఛాతీ పట్టేసింది. గ్యాసేనంటూ మెట్లవైపు నడిచింది. 108కు ఫోన్ చేయించి, నా కుర్చీ అడ్డం వేయించాను.

"గింతమంది ముందట నన్ను మోస్తరా ఎస్తేరూ?"

"నన్ను మోసిన్రు అక్కా. గందుకే నీ ముందట ఉన్న."

కూర్చుంది. పరీక్షలన్నీ చేసి, నిజంగానే గ్యాస్ అన్నారు. గ్యాస్‌కు కూడా ఊరేగించానని అప్పటి నుంచి రోజూ నన్ను ఎత్తిపొడుస్తోంది. మీకూ నేను చెప్పేది ఇదొక్కటే. ఛాతీలో తేడా అనిపిస్తే 108కు ఫోన్ చేసి, కదలకుండా కూర్చోండి, మోయించుకోండి. గ్యాస్ అని తేలితే తర్వాత తీరిగ్గా సిగ్గుపడొచ్చు.