మైనస్ రావాలని ఒప్పుకున్న సారు

మేముండే వరస గదుల చాల్‌ భవనంలో మూడో అంతస్తు సారు గత శుక్రవారం కన్నుమూశారు. ఫాక్‌లాండ్ రోడ్డు మీద జిరాక్సులు తీయించుకుంటుంటే నాన్న ఫోన్ చేసి చెప్పారు. అప్పటికి నా క్వాంటం మెకానిక్స్ పరీక్షకు ఇంకా నాలుగు రోజులున్నాయి. ఆ ఫోన్ వచ్చినప్పటి నుంచీ నేను ఒక చోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

సారు ప్రొఫెసరేం కాదు. కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో అటెండరుగా రిటైరయ్యారు. కుర్రతనంలో ఎమ్మెస్సీలో చేరి, ఈ పేపరే రెండుసార్లు తప్పి చదువు మానేశారు. కిందటేడు నేనూ ఇదే తప్పాను. ఇక చాలు, ఉద్యోగం చూసుకోమన్నారు నాన్న. సారు మా గుమ్మంలో నిలబడి ఆయనతో ఒకటే అన్నారు.

“నేను ఆడనే ఆగిపోయిన. ఈ పిల్లను ఆగనియ్యకు.”

ఆ వారం నుంచే నేనూ, వర్లిలో ఉండే నా స్నేహితురాలు సవితా ఆయన గదిలో యాంగ్యులర్ మొమెంటం లెక్కలు చేసేవాళ్లం. సవితకు మరాఠీలో, నాకు తెలుగులో చెప్పేవారు. లెక్క ఇచ్చి, తాను గది ముందరి గ్యాలరీలో అటూ ఇటూ నడిచేవారు. స్థితులు ముందెన్నో, కలిపినంకా అన్నే ఉండాలె అని కిటికీలోంచి గుర్తుచేసేవారు.

రెండు వారాల కింద ఎలక్ట్రాన్ ఆర్బిటల్ మొమెంటాన్నీ స్పిన్‌నూ కలిపే లెక్కలో వాదన వచ్చింది. రెండో స్థితిలో మైనస్ గుర్తు రావాలని నేను, ప్లస్సేనని ఆయన. చివరికి విసుగొచ్చి, “మీరు పాస్ కాని పేపరే గదా సార్” అనేశాను. సవిత నా చెయ్యి నొక్కింది. ఆయన లెక్క కాగితం తీసుకుని గ్యాలరీలోకి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్నే రెండు వైపులా నిండిన కాగితంతో మా ఇంటికొచ్చారు.

“నీదే కరెక్ట్ బిడ్డా. మైనస్ లేకుంటే లెక్క నిలవది. ఇన్నేండ్లకు సమజైంది.”

క్షమించమని అడగబోయాను. అప్పటికే ఆయన తర్వాతి లెక్కలోకి వెళ్లిపోయారు. పరీక్షయ్యాక అడుగుదాంలే అనుకున్నాను.

శనివారం, ఆ రోజు నేనన్న మాట గురించి ఆయన భార్యతో చెప్పుకున్నాను. ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

“ఆ దినం అన్నం గూడ తినలే. కోపమొచ్చి అనుకున్నవా? లెక్క కుదిరిందని నన్ను పిలిచి చూపిచ్చిండు. నాకేం తెలుస్తది, నవ్విన.”

మంగళవారం పరీక్ష రాశాం, బాగానే రాశాం. ఆ పొద్దున పరీక్షకు వెళ్తూ గ్రాంట్ రోడ్ స్టేషన్లో నేనూ సవితా నిలబడి, సారిచ్చిన ఒక లెక్క మీద వాదించుకుంటున్నాం. మేమెక్కాల్సిన లోకల్ రైలు వచ్చింది. జనం మమ్మల్ని రాసుకుంటూ ఎక్కారు. బండి కదిలి వెళ్లిపోయింది. మేమిద్దరం కాగితం మీద నుంచి తల ఎత్తలేదు.