శకుంతల గారి రబ్బరు సంచి

ఒంట్లోంచి బయటికొచ్చి గొట్టంలో పారే రక్తం చేతికి వెచ్చగా తగులుతుంది. ఊపిరితిత్తులు పూర్తిగా మొరాయించిన వాళ్లకు ఇప్పుడు రక్తాన్నే బయటికి తీసి, ప్రాణవాయువు ఎక్కించి, తిరిగి లోపలికి పంపే యంత్రాలు వచ్చాయి. నిన్న అలాంటి గొట్టం మీద చెయ్యి వేసి నిలబడితే, రోగి తమ్ముడు "బతుకుతడా మేడమ్?" అని అడిగాడు. బతకొచ్చు, రక్తం ఆగకుండా కారొచ్చు, గడ్డ కట్టొచ్చు, చీము పట్టొచ్చు అని అన్నీ చెప్పాను. అలా చెప్పడం నాకు నేర్పింది శకుంతల గారు. నేను నేర్చుకున్నందుకు మూల్యం చెల్లించింది మాత్రం వేరొకరు.

ఎనభైలలో దిల్‌సుఖ్‌నగర్‌లో శకుంతల గారి నర్సింగ్ హోమ్‌లో నేను జూనియర్ డాక్టర్ని. ఆవిడది గుంటూరు వైపు, గొంతు పెద్దది, ఓపిక అంతకన్నా పెద్దది. మా దగ్గర ఊపిరి పోసే మిషను ఒక్కటే ఉండేది. ఎవరినైనా దానిమీద పెట్టే ముందు, రోగి ముఖానికి మాస్కు ఆనించి, దానికున్న రబ్బరు సంచిని ఇంటివాళ్ల చేతికిచ్చి నాలుగుసార్లు నొక్కించేవారు. "ఊపిరితిత్తులు ఎంత బిగుసుకుపోయాయో తెలిసిందా? ఇప్పుడు నేను చెప్పేది వినండి" అనేవారు. ఆ తర్వాత రోగిని మాట్లాడనిచ్చేవారు. వేళాకోళం కాకపోతే ఇదేం తంతు అని లోలోపల విసుక్కునేదాన్ని.

ఎల్‌బీ నగర్‌లో అప్పుడు ఎటు చూసినా పునాదులు తవ్వుతున్నారు. అక్కడొక మేస్త్రీని కట్లపాము కరిచింది. కనురెప్పలు వాలి, ఊపిరి ఆగేదాకా వచ్చినవాణ్ణి మిషను మీద పెడితే ఐదో రోజున నడుచుకుంటూ ఇంటికి పోయాడు. చుట్టుపక్కల ఊళ్లన్నిటా ఆ మిషను పేరే. నా తల కూడా కొంచెం తిరిగింది.

నెల తిరక్కుండానే సరూర్‌నగర్ నుంచి సత్తయ్య అనే రైతు తన భార్య బాలమణిని తెచ్చాడు. నిమోనియా, రెండువైపులా. శకుంతల మేడమ్ బయట విజిట్‌కు వెళ్లారు. "గా మేస్త్రీని బతికిచ్చిన్రట గదా. మా దాన్ని గూడ గా మిషిన్ మీద పెట్టున్రి" అన్నాడు సత్తయ్య. "పెడతం. నాలుగు రోజులల్ల లేచి కూసుంటది" అన్నాను. సంచి ఎవరి చేతికీ ఇవ్వలేదు. బాలమణి మాస్కు పక్కకు జరిపి, "జర ఆగు బిడ్డా. మా పద్మ ఒస్తున్నది. దానికొక మాట చెప్పాలె" అంది. పద్మ ఆవిడ పెద్ద కూతురు, కొత్తపేటలో కాపురం. "నాలుగు రోజులైనంక ఎంతసేపైనా మాట్లాడుకో" అని మత్తుమందిచ్చి గొంతులో గొట్టం వేశాను. పావుగంటలో పద్మ వచ్చింది. ఆ పావుగంట ఆగగలిగే స్థితిలోనే ఉంది బాలమణి. అది నాకు తెలుసు.

మేడమ్ వచ్చి, గొట్టానికి సంచి తగిలించి నా చేతికిచ్చారు. అది ఓ పట్టాన లొంగలేదు. "మేస్త్రీకి ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయమ్మా, కండరాలే పడిపోయాయి. విషం దిగేదాకా మనం ఊదితే చాలు. ఈవిడకి ఊపిరితిత్తులే పాడయ్యాయి. గట్టిగా ఊదితే చిల్లు పడుతుంది, మెల్లగా ఊదితే చాలదు" అన్నారు. "మిషను పెట్టడం తప్పు కాదు. గొట్టం వేస్తే నోట మాట రాదని వాళ్లకి చెప్పావా?" అని అడిగారు. లేదని తల అడ్డంగా ఊపాను.

మూడో రోజు ఊపిరితిత్తికి చిల్లు పడింది. ఆ సాయంత్రమే బాలమణి పోయింది. మేడమ్ సత్తయ్య పక్కన బల్ల మీద కూర్చుని, తప్పంతా తన నర్సింగ్ హోమ్‌దే అన్నట్టు మాట్లాడారు. పద్మ నా దగ్గరికి వచ్చి, "మేడమ్, అమ్మ నన్నేమన్న అడిగిందా?" అంది. "లేదమ్మా, మగతల ఉండె" అన్నాను.

ఆ మాట మేడమ్ చెవిన పడింది. అందరూ వెళ్లాక, "రేపు వెళ్లి ఆ పిల్లకి నిజం చెప్పిరా" అన్నారు, తిట్టలేదు. సరేనన్నాను. కొత్తపేట ఎంత దూరమని. కానీ పోలేదు. ఆ వారమూ పోలేదు, ఆ ఏడాదీ పోలేదు. మేడమ్ మళ్లీ అడగలేదు. వెళ్లే ఉంటానని ఆవిడ నా మీద అంత నమ్మకం పెట్టుకున్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

గొట్టం వేసే ముందు నేనిప్పుడు పక్కకు తప్పుకుంటాను, మాట్లాడుకోనిస్తాను. మంచి డాక్టరమ్మ అంటారు. పద్మ ఇప్పుడు వాళ్లమ్మ వయసు దాటి ఉంటుంది. ఒక మాట చెప్పాలని వాళ్లమ్మ తనకోసం ఆగమన్నదని, ఆమెకు ఇంకా తెలియదు.