మీరే చూసినట్టు చెప్పండి

"ఆంటీ, సార్ వేళ్లు చల్లగైనయి. మీరే చూసినట్టు ఇన్‌చార్జికి చెప్పండి. నా పేరు తీయకండి."

సాయంత్రం నాలుగింటికి సిస్టర్ సరిత మా ఆవిడతో అన్న మాట ఇది. మంచం మీద ఉన్న నాకూ వినబడింది. అప్పటికి నా ఎడమచేతి వేళ్లు నావి కానట్టు ఉన్నాయి. అది ప్రమాదమని తెలియక భయం కూడా కలగలేదు.

ఆ ఉదయం నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో దిగుతూ పడ్డాను. ముంజేతిలో రెండు ఎముకలూ విరిగాయి. దగ్గరలోని ఆసుపత్రిలో కాస్ట్, అదే పిండికట్టు, వేసి ఒకరోజు ఉండమన్నారు. మధ్యాహ్నం నొప్పి పెరిగింది. ఇంజెక్షన్‌కు తగ్గలేదు. రెండింటికి వేళ్లు తిమ్మిరెక్కాయి. సరిత నా గోళ్లు నొక్కి చూసి, వెళ్లి వార్డు ఇన్‌చార్జి సిస్టర్‌కు చెప్పింది.

"వాపు ఉంటది, చెయ్యి ఎత్తుల పెట్టు. ఊకె డాక్టర్‌ను పరేషాన్ చేయకు" అన్న జవాబు మా గదిలోకి వినబడింది. రెండు గంటలు అలాగే గడిచాయి.

మా ఆవిడ వెళ్లి చెప్పిన పది నిమిషాలకు డాక్టర్ వచ్చి కాస్ట్ కోయించారు. "కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్. కండరాలు వాచి లోపల రక్తం అందట్లేదు. వెంటనే ఫేషియాటమీ చేయాలి, చర్మం, కండరాల మీది పొర కోసి ఒత్తిడి తగ్గించాలి. ఇంకా ముందే పిలవాల్సింది. ఎవరు గమనించారు?"

"నేనే" అంది మా ఆవిడ. సరిత సెలైన్ సీసా వైపు తిరిగి నిలబడింది.

కోసిన చోటు మూయడానికి వారంలో మరో ఆపరేషన్ అయింది. ఆ తర్వాత డ్రెస్సింగ్ మారుస్తూ సరిత అసలు సంగతి చెప్పింది. అక్కడ పర్మనెంట్ నర్సుల మెడలో ఐడీ పట్టీ నీలం, కాంట్రాక్టు వాళ్లది ఆకుపచ్చ. ఇంతకుముందు ఒక రోగి కోసం సరిత నేరుగా డాక్టర్‌కు ఫోన్ చేసింది. తీరా చూస్తే ఏమీ లేదు. మెమో ఇచ్చారు. అదే వారం నీలం పట్టీ నర్సు ఒకామె అలాగే డాక్టర్‌ను పిలిస్తే, అక్కడా ఏమీ లేకపోయినా, జాగ్రత్త మంచిదేనన్నారు.

"చేసింది ఒక్కటే సార్. పట్టీ రంగే వేరు. అప్పటిసంది నోరు లేస్తలేదు."

ఫీడ్‌బ్యాక్ ఫారంలో నీ పేరు రాస్తానన్నాను.

"వద్దు సార్. మంచిగనే రాసినా, రెండింటికి చూసి నాలుగు దాకా ఏం చేసినవని నన్నే అడుగుతరు."

ఇప్పుడు చందానగర్‌లో ఇంటి దగ్గరే ఫిజియోథెరపీ చేయించుకుంటున్నాను. కాస్ట్ వేశాక నొప్పి పెరిగినా, వేళ్లు మొద్దుబారినా ఆగకండి. డాక్టర్ వచ్చి చూడాలని మీరే పట్టుబట్టండి. పక్కనున్న నర్సును, మీకేమనిపిస్తోందని అడగండి.

డిశ్చార్జ్ సమ్మరీలో వేళ్లు చల్లబడటం గమనించింది రోగి భార్య అని ఉంది. ఫారం ఖాళీగా నా దగ్గరే ఉంది. చూపుడు వేలికి, నడిమి వేలికి ఇంకా స్పర్శ రాలేదు.