గులక గొయ్యి పక్క నుయ్యి

మొన్న రాజోలు వైపు పని పడి వెళ్ళినప్పుడు పిన్ని ఇంటి గుమ్మం తొక్కాను. పిన్ని పోయి చాలా ఏళ్ళయింది; ఇప్పుడు ఆ ఇంట్లో ఆవిడ కొడుకు కూతురు కాపురం ఉంటోంది. నన్ను చూడగానే కుర్చీ వేసి, ఇంకా చెమటైనా తుడుచుకోకముందే కొబ్బరిబొండం కొట్టించి చేతికిచ్చింది. కోనసీమలో పుట్టినవాడు బొండం ఇస్తే మురిసిపోవాలి గానీ, నాకు మాత్రం ఆ ఇంట్లో బొండం చేతికొస్తే అనుమానం వస్తుంది. దానికి కారణం ఆ పెరటి వెనకున్న గొయ్యి.

డెబ్భైల చివర, చదువు ముగిసి ఉద్యోగం రాక అరుగులు అరగదీస్తున్న రోజుల్లో, మావయ్య నన్ను తన గులక గొయ్యి దగ్గర పనిలో పెట్టారు. మన సీమలో ఒండ్రుకీ ఇసకకీ కరువు లేదు గానీ రాయి పుట్టదు. అలాంటిది, ఎప్పుడో పూడిపోయి మెరకైపోయిన వశిష్ఠ పాయలో, ఇసక కింద గులకరాళ్ళు తగిలేసరికి జనం పనిగట్టుకుని వచ్చి చూసిపోయారు. రోడ్ల పనికీ కాంక్రీటుకీ పనికొస్తుందని మావయ్య ఆ తవ్వకం కాంట్రాక్టుకి ఒప్పుకున్నారు. గోతికి ఆనుకునే పిన్ని ఇల్లు. ఆవిడ మావయ్యకి చిన్నాన్న కూతురు. మిషను బళ్ళో పంతులుగా చేసిన బాబాయి అప్పటికే పోయారు. చుట్టుపక్కల నూతులు స్నానాలకీ పశువులకీ సరిపోయేవి గానీ, కాఫీకీ పప్పుకీ మాత్రం వీధి వీధంతా పిన్ని నుయ్యే. ఆదివారం గుడి నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఇళ్ళకి వెళ్ళి, బైబిళ్ళు పెట్టేసి, బిందెలతో మళ్ళీ అక్కడే చేరేవారు.

మన వయసువాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, మన నేలలో మంచినీరు పైన పలచగా తేలి ఉంటుంది, దాని అడుగున ఉప్పునీరు కాచుక్కూర్చుంటుంది. పైనీరు తోడేసిన కొద్దీ అడుగునీరు లేస్తుంది. అందుకే పెద్దవాళ్ళు నూతుల్ని లోతుకి తవ్వనిచ్చేవారు కాదు. మా గులక ఉన్నదేమో లోతులో. గొయ్యి దిగిన కొద్దీ ఊట ఊరిపోతుంటే నీళ్ళు తోడడానికి మావయ్య ఆయిలింజను దింపించారు. నీళ్ళ సంగతి చూడటం నా పని: కొంత గులక కడగడానికి మళ్ళించి, మిగతాదంతా సన్నకాలువలా బోదె కొట్టి మురుగుకాలువలోకి వదిలేయడం. ఇంజను పొద్దస్తమానం కొట్టుకునేది, గొయ్యి ఎంత పొడిగా ఉంటే మేం అంత బాగా పని చేసినట్టు లెక్క.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి మావయ్యా నేనూ పిన్ని అరుగు మీద చేరేవాళ్ళం. మొదట్లో పిన్ని మంచినీళ్ళు ఇచ్చేది. కొన్నాళ్ళకి నీళ్ళు మానేసి బొండాలు మొదలుపెట్టింది. మా చెల్లెలి చెయ్యి పెద్దదిరా అని మావయ్య దారంతా పొగుడుకుంటూ వచ్చేవారు. ముదిరితే కాయలయ్యేవన్నీ ఇలా లేతగా మా గొంతులో పోసేస్తే ఆ ఇంటికి మిగిలేదేమిటని మా ఇద్దరికీ తట్టలేదు. వీధిలో ఆడవాళ్ళు బిందెలెత్తుకుని గట్టంట పక్క ఊరివైపు వెళుతుంటే, గుళ్ళో ఏదో విందుందేమో అన్నారు మావయ్య.

ఒకరోజు వాన పట్టి పని ఆగిపోతే పిన్ని మమ్మల్ని భోజనానికి కూర్చోబెట్టింది. మావయ్య పప్పు కలిపి ముద్ద నోట్లో పెట్టుకుని, "ఏమ్మా, మా గులక కడిగి పోపెట్టేవా ఏంటి?" అని నవ్వారు. పిన్ని వంటకి ఆ వీధిలో పేరుంది. ఆవిడ ముఖం ఎర్రబడిపోయింది.

"తప్పు పప్పుదీ కాదండి, నాదీ కాదండి అన్నయ్యగారూ. నీళ్ళండి. మీ ఇంజను మొదలెట్టిన కాణ్ణుంచి నుయ్యి ఉప్పయిపోయిందండి. పొద్దున్నుంచీ ఉడకేస్తున్నాను, బద్ద మెత్తబడితే ఒట్టండి."

అనేశాక కంగారు పడి, "మీ పని కదండీ మరి, ఎలా చెప్పమంటారు?" అంది. నుయ్యి పోయినా ఓర్చుకుంది గానీ, వంట చేతకాదంటే ఓర్చుకోలేకపోయింది.

మావయ్య ఆ పప్పంతా తిని, నూతి నీళ్ళే కావాలని అడిగి గ్లాసు నిండా తాగారు. నేను ఒక్క గుక్కతో ఆపేశాను. తరవాత ఆయన వానలోనే వెళ్ళి ఇంజను ఆపించారు. మర్నాటి నుంచి ఊటకి పైనున్న గులకే తవ్వించారు. కడగడానికి రెండు మడుగులు కట్టించి, మొదటిదాంట్లో మట్టి దిగాక తేటనీరు రెండోదాంట్లోకి పారించి, ఆ నీళ్ళే మళ్ళీ మళ్ళీ వాడించారు. మురుగుకాలువకి కొట్టిన బోదె నా చేతే పూడ్పించారు. మంచి గులకంతా నీళ్ళ కిందే ఉండిపోయింది. అలా ఎంతకాలమని నడుస్తుంది, ఒప్పుకున్న పని సాగక మావయ్య ఆ గొయ్యి వదులుకున్నారు. నాకు ఉన్న పనీ పోయింది, బాధ పడలేదంటే అబద్ధం. చెల్లెలి పప్పు కోసం పని నీళ్ళలో పోసుకున్నారని అత్తయ్య చాలాకాలం దెప్పేది.

నుయ్యి బాగుపడిందా అని అడగడానికి మాకు మొహం చెల్లలేదు. అడిగినా పిన్ని బాగుందనే అంటుంది. వర్షాలు ఒకసారి వచ్చిపోయాయి, మళ్ళీ వచ్చాయి. మేం ఎప్పుడు వెళ్ళినా బొండమే. చివరికి ఒక మధ్యాహ్నం పిన్ని బొండాల ఊసెత్తలేదు. ఇత్తడి గ్లాసుతో నీళ్ళు తెచ్చి మావయ్య చేతికిచ్చి, కదలకుండా నిలబడింది. మావయ్య తాగి, ఇంకో గ్లాసు అడిగారు. పిన్ని కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ లోపలికి వెళ్ళింది.

మొన్న అదంతా గుర్తొచ్చి, బొండం పక్కన పెట్టి, నూతి నీళ్ళు ఎలా ఉన్నాయమ్మా అని ఆ పిల్లని అడిగాను. గొయ్యి ఇప్పుడు రొయ్యల చెరువు. నూతి మీద రేకు మూత, దాని మీద పూలకుండీలు. వంటింట్లో కొని తెచ్చుకున్న నీళ్ళ టిన్ను.

"ఏమోనండి పెదనాన్నగారూ, మేం ఎప్పుడూ తాగలేదండి," అంది, నవ్వుతూ.

నీళ్ళు ఉప్పయితే ఆ సంగతి దాచడానికైనా అప్పుడు ఆ ఇంట్లో ఒక మనిషి ఉండేది. మూత తీయించమని నేను అడగలేదు. బొండం తాగి, లేచి వచ్చేశాను.