కొలకలూరు మంచుబండి

దేవసహాయానికి తాగుడు లేదు, పేకాట లేదు, కనీసం ముక్కుపొడి అలవాటైనా లేదు. ఉన్నదల్లా ఒక్కటే, మంచు కోసం ఎదురుచూడటం. తెల్లారగట్ల గడ్డి మీద మెరిసే మంచు కాదు. కశ్మీరు కొండల మీద కురుస్తుందే, బస్సులకి బస్సుల్నే మింగేసే మంచు, అది! ఆ మంచు తెనాలి పక్కన కొలకలూరులో పడుతుందని, పడ్డ రోజున రోడ్డు మీంచి దాన్ని తోసెయ్యడానికి తను తప్ప జిల్లాలో ఇంకో మొనగాడు లేడని ఆయన చెబుతాడు. రెండో మాట నిజమే. మొదటి మాటతోనే ఆయన భార్య సారాకి ప్రాణం విసిగిపోయింది.

ఆయన ఇరవై రెండేళ్లు మిలిటరీ రోడ్ల పనిలో, కొండల మీద మంచు తోసే బండికి డ్రైవరు. నాలుగేళ్ల కిందట రిటైరయ్యాడు. తోటివాళ్లంతా శాలువాలు, బాదంపప్పులు మూటగట్టుకుని ఇళ్లకి పోతే, ఈయన తలుపు రెక్కంత వెడల్పున్న రెండు మంచు పారలు తెచ్చాడు. రైల్లో బెర్తు మీద పారల్ని పడుకోబెట్టి, తను మూడు రోజులు కింద కూర్చుని వచ్చాడట. స్టేషనులో దిగంగానే సారా అడిగింది.

"ఏంటండీ ఇవి?"

"మంచు పారలు."

"మనకెందుకు?"

"పడితే?"

ఆ "పడితే?" అన్న మాటకి నాలుగేళ్లుగా సారా దగ్గర జవాబు లేదు. తెనాలి బడిలో పాతికేళ్లుగా లెక్కలు చెబుతోంది, ఎంత మొండి పిల్లాడికైనా భిన్నాలు ఎక్కించింది. కట్టుకున్న మొగుడికి మాత్రం కొలకలూరు సముద్రానికి ఎంత దూరమో ఎక్కించలేకపోయింది.

పారలతో ఆగితే బాగుండేది. మంచు మీద ఉప్పు చల్లితే కరుగుతుందని బాపట్ల అవతల నుంచి నాలుగు బస్తాల రాళ్లుప్పు తెప్పించి వసారాలో పేర్చాడు. చూసినవాళ్లంతా "ఎండుచేపల వ్యాపారం పెట్టారా టీచరుగారూ?" అని పరామర్శ. ఆ తర్వాత ఒక పాత చిన్న ట్రాక్టరు కొని, దాని ముక్కుకి మంచు తోసే బ్లేడు కట్టించాలని తెనాలిలో వెల్డింగు నబీ సాహెబ్ దగ్గరికి తోలుకెళ్లాడు.

"దేనికండీ ఇంత బ్లేడు?" అన్నాడు నబీ సాహెబ్.

"మంచు తొయ్యడానికి భాయ్."

నబీ సాహెబ్ నల్ల కళ్లద్దాలు తీశాడు. దేవసహాయం మొహం చూశాడు. మిట్టమధ్యాహ్నం సూర్యుణ్ణి చూశాడు. మళ్లీ అద్దాలు పెట్టుకుని, "ఎన్నడుగులుండాలండీ?" అన్నాడు. వ్యాపారమంటే అదీ.

ఏడడుగుల బ్లేడు. ట్రాక్టరు గేటు వెనకే నిలబెట్టడంతో, అది వచ్చిన రోజు నుంచి సారా ఇంటి గేటు సగమే తెరుచుకుంటుంది. ఆ సందులోంచి పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి, పీతలాగా లోపలికి వెళ్లాలి. ఇప్పటికి ఆవిడ చీరలు ఆ బ్లేడు అంచుకి తగులుకుని చిరిగినవి, ఆవిడ లెక్క ప్రకారం పదకొండు. పాస్టరుగారు ప్రార్థనకొచ్చి కాలు కొట్టుకుని, ఆ రోజు దీవెన కొంచెం క్లుప్తంగా ముగించారు.

ఇక పొద్దున్నే వసారా గోడకి తగిలించిన డిగ్రీల మిషను చూడటం ఒకటి. నెత్తిన మంకీ క్యాపు, ఒంటిమీద బనీను.

"ఇరవై మూడు, సారా."

"నేనడిగానా?"

"ఇంకో ఇరవై మూడు తగ్గితే చాలు." బీరకాయలు బేరమాడినంత తేలిగ్గా అంటాడు.

"అది తగ్గదు గానీ, నా బీపీ పెరుగుతోంది. దానికేమన్నా మిషనుందా?"

ఈ ఏడు మరీ అన్యాయం. డిసెంబరు వచ్చినా చలి జాడ లేదు. తెనాలి బస్టాండు దగ్గర స్వెట్టర్లమ్మేవాళ్లు ఆ స్వెట్టర్లతోనే విసురుకుంటున్నారు. క్రిస్మస్ కారల్స్ పాడేవాళ్లు ఇంటింటికీ టీ బదులు మజ్జిగ అడిగారు. దేవసహాయం మాత్రం రోజూ బ్లేడు తుడిచి, గ్రీజు పెట్టి, ఆకాశం వంక చూసి, "లేటవుతోంది, అంతే" అనేవాడు. రైలు గురించి చెప్పినట్టు.

సారా తమ్ముడు కిరణ్ కుమార్ బాపట్ల నుంచి క్రిస్మస్ కేకు ఇవ్వడానికి వచ్చి, గేటు సందులో ఇరుక్కున్నాడు. మనిషి కొంచెం ఒళ్లు చేసినవాడు. ముందుకీ రాలేడు, వెనక్కీ పోలేడు.

"బావా! ఇది ఇల్లా, ఎలకల బోనా?"

"పొట్ట లోపలికి లాక్కోవయ్యా. ఆ, ఇప్పుడు కేకు నాకివ్వు, తర్వాత నువ్వు రా."

అరగంటకి బయటపడ్డ కిరణ్ కుమార్ చెమట తుడుచుకుంటూ తీర్పు చెప్పాడు. "అక్కా, రేపల్లెలో పాత ఇనుము కొనే అక్బరని నాకు తెలుసు. ఫోన్ కొడితే వ్యానేసుకొచ్చి పట్టుకుపోతాడు."

సారా మొహం వెలిగిపోయింది. ఆ పూటే మొగుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"చూడండీ, క్రిస్మస్ దాకా గడువిస్తన్నా. ఈలోపు మంచు పడిందా, జన్మలో మీ బ్లేడు మాట ఎత్తను. పడలేదా, ఇరవై నాలుగో తేదీ పొద్దున్నే అక్బర్ వ్యాను వచ్చుద్ది. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకున్నా."

"మళ్లీ మాట మార్చకూడదు."

"మార్చనంటన్నాగా. అప్పటికి పడుద్దిలే."

గొడవ పడతాడని సారా నాలుగు జవాబులు సిద్ధం చేసుకుంది. నాలుగూ వృథా అయ్యాయి. ఆయన నిబ్బరం చూసి ఆవిడకే అనుమానం పట్టుకుంది. కొంపదీసి పడుతుందా ఏంటి? ఆ రోజు నుంచి సీరియల్ మానేసి వాతావరణ వార్తలు చూడటం మొదలుపెట్టింది. తెల్లారి లేచి తనే ముందు డిగ్రీల మిషను దగ్గరికి పోయి, ఇరవై నాలుగు కనపడితే "దేవునికి స్తోత్రం" అనుకునేది. ఇరవై రెండుకి దిగిన రోజు అన్నం సయించలేదు.

దేవసహాయం మాత్రం ప్రాక్టీసు అంటూ రోజూ ట్రాక్టరు వేసుకుని రోడ్డెక్కేవాడు. సాయంత్రానికి నెత్తి నిండా పొట్టు, చొక్కా నిండా దుమ్ము.

"ఈ పొట్టేంటండీ?"

"ప్రాక్టీసు."

ఒకనాడు సారా వాకిట్లో వెయ్యడానికి ముచ్చటపడి కొనుక్కున్న రబ్బరు పట్టా కనపడలేదు. వెతగ్గా వెతగ్గా బ్లేడు కింది అంచున నిలువునా చీల్చి బోల్టులు బిగించి ఉంది.

"నా పట్టా!"

"రోడ్డు గీసుకుపోకుండా వేశా సారా. మంచు పనిలో ఇవన్నీ చూసుకోవాలి."

సారా రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని మెట్టు మీద కూలబడింది.

పైగా ఫిర్యాదులు. ఊళ్లో మూడెకరాలు కౌలుకి చేసే సామ్రాజ్యం ఒకరోజు గేటవతల నిలబడి కేకలేసింది. మొగుడు పోయిన మనిషి, నోరు పెద్దది. "వదినా! మా అన్నయ్యతో పడలేకపోతన్నాం! మేం రోడ్డు మీద వడ్లు ఆరబోసుకుంటే, ఆయన ప్రాక్టీసంటా వాటి మీదకొస్తాడేంటి?"

సారాకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. "ఇంక వారమే ఓర్చుకో సామ్రాజ్యం. ఇరవై నాలుగో తారీకున దాన్ని పాత ఇనుము కింద పడేస్తన్నా."

ఆ మాటతో సామ్రాజ్యం నోరు టక్కున మూతపడింది. "ఏంటి, నిజంగానే?" అని, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది. సంతోషం పట్టలేక పోయిందనుకుంది సారా.

ఇరవై మూడో తేదీ. బడికి సెలవులిచ్చారు. సారా మధ్యాహ్నం తెనాలిలో షేర్ ఆటో ఎక్కింది. ఆటో ఊరి దగ్గరికొచ్చేసరికి సముద్రం వైపు నుంచి కాటుక లాంటి మబ్బు కమ్ముకొచ్చింది. రోడ్డుకి ఒక పక్కంతా వడ్లు, పచ్చగా, అరమైలు పొడవున. యంత్రంతో కోసిన పచ్చివడ్లు, నాలుగు రోజులుగా ఆరుతున్నవి. తడిస్తే మొలకలే, కొనేవాడుండడు. జనం గోతాలూ చీపుళ్లూ పట్టుకుని పరిగెడుతున్నారు. ఉన్నది పదిమంది. ఊడవాల్సింది అరమైలు.

అప్పుడొచ్చింది సారా చీరలు పదకొండింటిని చింపిన బ్లేడు.

మంకీ క్యాపుతో దేవసహాయం బ్లేడు కిందికి దించి, వడ్ల అంచున మొదలుపెట్టాడు. రబ్బరంచు తారురోడ్డు మీద మెత్తగా జారుతోంది. ఒక్క గింజ నలగడం లేదు. ముందు వడ్లు అలలాగా లేస్తున్నాయి, వెనక టైరు వచ్చేసరికి రోడ్డు అద్దంలా ఖాళీ. ఇరవై గజాలకో గుట్ట. గుట్ట లేచిన వెంటనే నలుగురు దాని మీద టార్పాలిన్ కప్పి ఇటుకలు పెడుతున్నారు. పది మందికి పూట పట్టే పని, మబ్బు నెత్తిమీదికొచ్చేలోపు అయిపోతోంది. కొండల మీద మిలిటరీ లారీలకి దారి చేసిన చెయ్యి, ఏమనుకున్నారు!

ఆఖరున సామ్రాజ్యం వడ్లు మిగిలాయి. మొదటి చినుకు సారా ముక్కు మీద పడింది. బ్లేడు ఒక్క ఊపులో వడ్లన్నిటినీ దగ్గరికి తోసింది, టార్పాలిన్ పడింది, దాని మీద వాన టపటపా మొదలయింది. గింజ తడవలేదు.

సామ్రాజ్యం నడుం మీద చేతులేసుకుని అరిచింది. "అయిందా నీ ప్రాక్టీసు? మా వడ్లు తప్ప నీకింకేం దొరకలేదా అన్నయ్యా? ఫో ఇక్కణ్ణించి!"

"తప్పయిపోయింది చెల్లెమ్మా. ఇంకా చెయ్యి కుదరలేదు" అని తలొంచుకుని దేవసహాయం ట్రాక్టరు తిప్పుకుని వెళ్లిపోయాడు.

సారా ఆటో దిగి వానలోనే దూసుకొచ్చింది. నాలుగేళ్లలో మొదటిసారి ఆవిడ కోపం మొగుడి మీద కాదు.

"ఏం సామ్రాజ్యం! మీ పంట నిలబెట్టిన మనిషిని తిడతావా? కళ్లు కనపడటం లేదా?"

సామ్రాజ్యం పకపకా నవ్వి, సారాని టార్పాలిన్ చివర కిందికి లాగింది. "తిట్టకపోతే రాడు వదినా! మా ఆయన చనిపోయిన ఏడు ఇట్టాగే వానొచ్చింది. అన్నయ్య బండేసుకొచ్చాడు. నాకెవరి సాయమూ వద్దన్నా. 'సాయమెవరు చేస్తన్నారమ్మా, రేపు మంచు పడితే నా చెయ్యి మర్చిపోద్ది, కాస్త ప్రాక్టీసు చేసుకోనియ్యి' అన్నాడు. గుట్ట పోసి పోయాడు. మర్నాడు ఇంత దణ్ణం పెట్టా. అంతే, సిగ్గుపడి వారం రోజులు ఈ రోడ్డు తొక్కలా! అప్పట్నించీ ఊళ్లో అందరం తిట్టడమే."

"మరి నాతో ఒక్క ముక్క చెప్పలేదే!"

"నీకు తెలిస్తే చర్చిలో లేచి అందరి ముందూ ఆయన మంచితనం గురించి సాక్ష్యం చెప్తావంట. పరువు పోద్దన్నాడు."

అది సారా తప్పకుండా చేసే పనే.

"మరి ఇక్కడ మంచు పడుద్దంటే మీరెవరూ నమ్మలేదా?"

"మా రెండేళ్ల మనవడు కూడా నమ్మడు వదినా. ఆయనకి మాత్రం లోపలెక్కడో కాస్త ఆశుందేమోలే."

సారా లెక్క వేసుకుంది. పడుతుందేమోనని రోజూ పొద్దున్నే లేచి భయపడ్డది, వార్తలు విన్నది, అన్నం మానేసింది, ఊరు మొత్తం మీద తనొక్కతే!

మర్నాడు పొద్దున్నే అక్బర్ వ్యాను వచ్చింది. సారా బయటికి వచ్చేసరికి దేవసహాయం నేల మీద పడుకుని, బ్లేడు బోల్టులు తనే విప్పుతున్నాడు. మాటంటే మాట. మూడు విప్పాడు. ఆయన మొహం మాత్రం దులిపేసిన ఖాళీ సంచిలా ఉంది.

"ఎత్తమంటారా మేడం?" అన్నాడు అక్బర్.

"ఏంటి ఎత్తేది?"

"అదేంటమ్మా! రోజుకి రెండు ఫోన్లు చేశారు. క్రిస్మస్‌కల్లా పట్టుకుపొమ్మని మీరేగా?"

"క్రిస్మస్ అన్నాను. ఏ క్రిస్మస్సో చెప్పానా?"

అక్బర్ నోరు తెరిచాడు. దేవసహాయం బ్లేడు కిందనుంచి తల బయటపెట్టి భార్య వంక అనుమానంగా చూశాడు. సారాకి గొంతు దాకా ఒక మంచి మాట వచ్చింది. అది పైకి అంటే ఈయన సిగ్గుపడి వారం రోజులు ఇంటికి రాడని గుర్తొచ్చింది. దాన్ని మింగేసి, కొంగు దోపుకుని విరుచుకుపడింది.

"చూస్తారేంటి గుడ్లప్పగించి? ఆ బోల్టులు బిగించండి! రేపు మంచు పడి, మీరు తొయ్యలేక నిలబడితే, ఊళ్లో నేను తలెత్తుకు తిరగాలా వద్దా?"

దేవసహాయం తల గబుక్కున లోపలికి పోయింది. కింద స్పానరు చప్పుడు మొదలయింది, మామూలుకన్నా హుషారుగా.

సారా గొణుక్కుంటూ గేటు సందులో పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్లింది. పన్నెండో చీర పర్రుమంది.

అక్బర్ వ్యాను ఎక్కి, రేపల్లె వైపు తిప్పుకుంటూ, ఆకాశం వంక ఒకసారి చూసి, ఎందుకైనా మంచిదని అద్దాలు రెండూ పైకెత్తుకున్నాడు.